సరోజ చెప్పని సాక్ష్యం

నవంబర్ 4, మంగళవారం

సరోజ సాక్ష్యం రాసుడు అయింది. రెండు పేజీలు. రెండుసార్లు చదువుకున్న. బాగ వచ్చింది. అదే చికాకు.

ముప్పై ఏండ్ల సంది దేవుళ్ల మీద కొట్లాడుతున్నోడు చెల్లె కోసం చర్చోళ్ల ముందట చదివే సాక్ష్యం రాసుడు... కరీంనగర్ దోస్తులకు తెలిస్తే నెల దినాలు నవ్వుకుంటరు. కాని ఎట్ల కాదంట? రూతు పోయి నెల గూడ కాలే. సరోజకున్నది ఒక్కతే బిడ్డ. ఇరవై ఏండ్లు. నర్సింగ్ చదువుతున్న పిల్ల, డెంగీ జ్వరంతోని...

"ఆదివారం ఇంటికాడ రూతు కోసం ఆదరణ కూడిక అన్నా. నేను సాక్ష్యం చెప్పాలె. నిలబడితే నాకు గొంతు పూడుకపోతది. ఫోన్ల చెప్త, నువ్వు రాయి. పాస్టరమ్మ చదువుతది."

అరగంట చెప్పింది. నా బిడ్డ పోయింది గని ప్రభువిచ్చిన సంతోషం పోలే — ఈ మాట నాలుగుసార్లు. సంతోషమట! నాకు మండింది. బీడీలు చుట్టి చుట్టి నడుము వంగిన మనిషి, మొగుడు పోయినంక పన్నెండేండ్లు ఒక్కతే సాదుకున్న బిడ్డను మట్టిల పెట్టి, సంతోషం అంటది. ఎవడు నేర్పిండు ఈ మాట?

నాలుగు చోట్లా కొట్టేసిన. ఆ జాగల నిజం పెట్టిన. నిండిన మురికి కాల్వలు, దవఖానల దొరకని మంచం, ఎవనికీ పట్టని పేదోళ్ల పానం. తప్పేముంది? అది చెప్పలేనిది నేను చెప్పిన.

నవంబర్ 9, ఆదివారం

ఖానాపూర్ నుంచి వాపస్ పోతున్న. బస్సుల రాస్తున్న. అక్షరాలు వంకర పోతున్నయి, పోనీ.

సరోజ ఇంటి ముంగట షామియానా. అరవై మంది దాకా ఉన్నరు. పాస్టరమ్మ నా కాయితం విప్పి చదువుడు మొదలువెట్టింది. మొదటి పేజీ గట్టిగనే చదివింది. రెండో పేజీల — "నా బిడ్డను జ్వరం చంపలే, పట్టనితనం చంపింది. ఆకాశంల ఎవరన్న ఉంటే వాళ్లు గూడ జవాబు చెప్పాలె" — అక్కడికి రాంగనే గొంతు సన్నగైంది. కాయితం దిక్కు చూసింది, సరోజ దిక్కు చూసింది. ఆపలే. పాపం, చివరిదాక చదివింది.

సరోజ నా దిక్కు చూసింది. కోపం గాదు. చిన్నప్పుడు బాపు మగ్గం కాడ దారం తెగితే, ఎక్కడ తెగిందా అని బాపు చూసేటోడు. గట్ల చూసింది.

తర్వాత లేచి నిలబడ్డది. "మా అన్నకు రూతు అంటే పానం. ఆయన బాధ గూడ అండ్ల కలిసింది. తప్పు పట్టకుండ్రి." ఇంకేదో చెప్పబోయింది. గొంతు పూడుకపోయింది. కూసున్నది.

అందుకే గద నన్ను రాయుమన్నది.

పాట ఎత్తుకున్నరు. సరోజ గూడ పాడింది. కండ్ల నీళ్లు కారుతనే ఉన్నయి, ముఖం మాత్రం... ఏం రాయాలె? అబద్ధం ఎక్కడన్న దొరుకుతదేమో అని పాట అయ్యేదాక ఆ ముఖమే చూసిన. దొరకలే.

బగారన్నం తింటుంటే, దానితోని బీడీలు చేసే లసుంబాయి పక్కన వచ్చి కూసున్నది. "సార్, మా సరోజకు గింత కోపం ఎప్పుడు నేర్పినవ్? ఆకులు కత్తిరిచ్చుకుంట పొద్దంత పాటలే పాడుతది. కోపమొచ్చేది మాకు."

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఇస్తారి సగంలనే మడిచిన.

నవంబర్ 10

అబద్ధమేం రాయలే గద. కాల్వలు నిజం. మంచం దొరకనిది నిజం. పొద్దటి సంది ఇదే వాదన, అద్దం ముందట గూడ.

వాదన గెలుస్తున్న. అయినా నిమ్మలం లేదు.

నవంబర్ 11

ఎన్ని సభలల్ల అరిచిన నేను — ఆడోళ్ల మాట ఆడోళ్లనే చెప్పనియ్యుండ్రి అని. ఎన్నిసార్లు చప్పట్లు కొట్టిచ్చుకున్న. సొంత చెల్లె ఒక్కసారి తన మాట నా చేతికిస్తే...

నవంబర్ 12

ఫోన్ చేయలే. సరోజ గూడ చేయలే.

నవంబర్ 14

నేను కొట్టేసింది సంతోషం అనే మాట ఒక్కటే గాదు. ఇది గూడ కొట్టేసిన:

ఆఖరి రోజు పొద్దుగాల రూతు జడ వేయుమన్నదట. సరోజ వేస్తుంటే, "అమ్మా, నీ చేతులు దవఖానల గూడ తునికాకు వాసనే" అని నవ్విందట. ఇద్దరు నవ్వుకున్నరట. "ఏడుపు ఆగలేదన్నా, ఇప్పటికీ ఏడుస్తనే ఉన్న. గని రూతు నాయిన పోయినప్పుడు నా కాళ్ల కింద నేల లేకుండె. ఇప్పుడు నేలున్నది. పడ్డా, నేల మీదనే పడుతున్న. దాన్నే సంతోషమంటున్న. వేరే మాట నాకు రాదు."

సానుభూతి కోసం చెప్పుడు అని గీత కొట్టిన. ఈ చెయ్యే కొట్టింది.

నవంబర్ 16, ఆదివారం

నేనే చేసిన.

"తిన్నవా అన్నా?"

తిన్న అని, తప్పైంది చెల్లె అనాలె. అందుకే చేసిన. నా నోట్ల నుంచి ఏమొచ్చింది — "నేను రాసినదాంట్ల తప్పేముందో చెప్పు."

"తప్పని నేనన్ననా?"

"కోపం రాలేదా మరి?"

"ఎందుకు రాదు? మూడొద్దులు ప్రార్థనల నీ పేరెత్తలే. గంతకన్న పెద్ద శిక్ష నాకు తెల్వది." నవ్వింది. నేను నవ్వలే. అప్పుడన్నది, మెల్లగ: "నువ్వు నా దేవుణ్ని నమ్మకు. నేనెప్పుడన్న బలిమి చేసిన్నా? నేను నిన్ను నమ్మి చెప్పిన గదనే."

తప్పైంది అన్న. ఎంత చిన్నగ అన్ననో, దానికి వినవడ్డదో లేదో.

వచ్చే ఆదివారం గాక ఆ పై ఆదివారం పాస్టరమ్మ మళ్ల చదువుతదట, చర్చిల. "ఈసారి ఫోన్ల రికార్డు చేసి పంపుత. చెప్పింది చెప్పినట్టు రాస్తవా? లేదంటే వేరెటోళ్లను అడుగుత, ఏమనుకోకు."

రాస్త అన్న. ఒక్క అక్షరం మార్చ అన్న. రూతు మీద ఒట్టు అన్న. ఒట్లను ఎక్కిరిచ్చేటోణ్ని.

నవంబర్ 22, శనివారం

రికార్డు వచ్చింది. పొద్దున కూసున్న. వినుడు, ఆపుడు, రాసుడు. ప్రతి వాక్యం కాడ చెయ్యి దిద్దబోతది, ఆపుకుంట. సంతోషం అని రాసిన. మొదటిసారి రాస్తుంటే పెన్ను బరువైంది. మూడోసారికి ఉత్త మాట లెక్కనే వచ్చింది. జడ రాసిన. తునికాకు వాసన రాసిన. నేలున్నది — రాసిన.

ఆఖరికి వచ్చిన. అక్కడ గొంతు మారింది:

"నా అసొంటి ఇంకొకలను గూడ ఆ పొద్దు చూసిన. దవఖాన వెనుక, సైకిల్ స్టాండ్ కాడ, గోడ పట్టుకోని మోకాళ్ల మీద ఉండె. మా అన్న."

ఆపిన. మళ్ల విన్న. అదే ఉన్నది.

ఇన్నొద్దులాయె, ఈ డైరీల గూడ రాయలే అది. యేసయ్యా అన్న. ఆ పేరు ఏ నోటితోని అన్ననో. పిల్లను బతికియ్యి, నా రాతలన్ని బంద్ చేస్త అన్న. గంటకు రూతు పోయింది. ఆకాశంల ఎవరన్న ఉంటే జవాబు చెప్పాలె — సరోజ పేరు మీద నేను అడిగిందది. నా పంచాయితి దాని నోట్ల పెట్టిన.

అది చూసింది. చూసి గూడ షామియానా కింద నన్ను వెనుకేసుకొచ్చింది.

రికార్డుల ఇంకొక్క మాట ఉన్నది. "అన్నా, ఇది రాయాల్నా వద్దా, నువ్వే చెప్పు. వద్దంటే వద్దు."

చర్చిల అరవై మంది. లసుంబాయి. ఎవరో ఒకరు ఫోన్ల తీస్తరు, కరీంనగర్ దాక వస్తది. రాయకపోతే ఎవరికీ తెల్వది. వద్దంటే వద్దు అని అదే అన్నది గద, తీసేసుడు మార్చుడు కిందికి రాదు...

వస్తది.

"మా అన్న" దాక రాసిన, గీత కొట్టలే. కాయితం బల్ల మీదనే ఉన్నది. జవాబు కోసమేమో, సరోజ రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలే. మూడోసారి మోగుతున్నది.