పడింది ఫోనే

భవ్యా,

నేను కులాసాగా ఉన్నాను, ఫోన్ కలవడం లేదని కంగారు పడకు. పడింది ఫోనే, నేను కాదు.

సోమవారం గుంటూరులో ఒక మిర్చి గోడౌన్ పైకప్పు రేకులు మారుస్తున్నాం. వెలుతురు కోసం మధ్యలో వేసిన ప్లాస్టిక్ రేకు ఒకటుంది. ఏళ్ల తరబడి మిరప దుమ్ము పట్టి అదీ మిగతా రేకుల్లాగే ఎర్రగా ఉంది. గట్టిదే అనుకుని కాలు పెట్టాను. విరిగింది. జేబులోని ఫోన్ ముప్పై అడుగుల కింద పడి ముక్కలైంది. నేను నడుముకున్న బెల్టుతో వేలాడాను.

బెల్టు పెట్టుకుని కొక్కెం తగిలించకుండా తిరగడం మాకందరికీ అలవాటే. ఆ పొద్దున మేస్త్రీ యలమందయ్య గారు, "అది మొలతాడు కాదురా, ఊరికే కట్టుకు తిరగడానికి. కొక్కెం తాడుకి తగిలించు" అని నలుగురిలో తిట్టారు. ఆయన మీద కోపంతోనే తగిలించాను.

నాన్న ఇంకా పత్తి లోడు మీద కూర్చునే అద్దంకి వెళ్తున్నాడా? వద్దని గట్టిగా చెప్పు. తాడు పట్టుకునే ఉంటాలే అంటాడు. చెయ్యి జారేటప్పుడు చెప్పి జారదు.

పాపకి దగ్గు తగ్గిందా? మేస్త్రీ గారికి గోంగూర పచ్చడి పంపించు. అమ్మకి ఈ సంగతి చెప్పకు.

నన్ను కిందికి దించాక ముందు నీతో మాట్లాడాలనిపించి, నాతో పనిచేసే కోటి దగ్గర ఫోన్ తీసుకున్నాను. నీ నంబరు నోటికి రాలేదు. ఇన్నేళ్లూ జేబులో ఉందిలే అనుకున్నాను. కార్డు మీద రాసి పంపు, ఈసారి నేర్చుకుంటాను.

నీ
శ్రీకృష్ణ