మామ్మని మంచం దింపాం

ఆదివారం, రాత్రి

వీపంతా పుండ్లు పడుతున్నాయని డాక్టరు చెప్తే, నాన్న మామ్మకి వాటర్ బెడ్ తెచ్చాడు. అది మంచం మీద పరిచి నీళ్లు నింపేదాకా మామ్మని కింద చాప మీద పడుకోబెట్టాం.

"అప్పుడే దింపీసినారేట్రా? నానింకా సావనేదురా!"

ఆ కేకకి నా చేతిలో మగ్గు జారిపోయింది. ప్రాణం పోయేముందే మనిషిని మంచం దింపుతారని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాన్న గబగబా పరుపు నింపి మామ్మని మళ్లీ మంచం ఎక్కించాడు.

ఆ నీళ్ల పరుపు మీద మామ్మ మూలగకుండా నిద్రపోతోంది. ఎన్నాళ్లకో! 'నెమ్మది' అన్న మాట ఇన్నాళ్లూ ఈ డైరీలో రాశానే గానీ, అదెలా ఉంటుందో ఇవాళే చెవులారా విన్నాను. కానీ మరీ ఇంత నిశ్శబ్దమా...

ఉండలేక వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

కళ్లు తెరవకుండానే అంది: "ఒసే, పోయి తొంగో. ఉన్నాన్లే."