సేఠానీని పోశమ్మకు రాసిస్తున్నాను

సూరత్ నగరం, లింబాయత్ వాస్తవ్యురాలిని, కీర్తిశేషులు గాజంగి ఆగయ్య గారి భార్యను, మున్సిపల్ తెలుగు బడిలో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన గాజంగి సంధ్యారాణిని. వయస్సు అరవై మూడు. పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని క్షేమంగా ఇల్లు చేరి, జ్ఞాపకశక్తి, తెలివి, కోపం మూడూ సక్రమంగా ఉన్న స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది.

ఆపరేషన్‌కు ముందు భయంతో హడావిడిగా ఒక వీలునామా రాశాను. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఇల్లు, బంగారం విషయంలో నా మనసు మారలేదు. నా పెంపుడు ఊసరవెల్లి నా తర్వాత ఎవరి దగ్గర ఉండాలన్నదే అప్పుడు తప్పుగా రాశాను. అది నోరులేని ప్రాణి, కుక్కలా మూలగదు, పిల్లిలా అరవదు. ఒంట్లో బాగోలేకపోతే వీలైనంత వరకు దాచుకుంటుంది. కనిపెట్టి చూసేవాళ్లు లేని ఇంట్లో పడితే ఎవరికీ తెలియకుండానే చచ్చిపోతుంది. ఆస్పత్రి మంచం మీద నన్ను పీడించిన బెంగ అదొక్కటే. ఇప్పుడు ఆ బెంగ తీరిపోయింది, హాయిగా కూర్చుని రాస్తున్నాను.

1. లింబాయత్‌లోని నా ఇల్లు నా కొడుకు జితేందర్‌కు, కూతురు హరిణికి చెరి సగం. అయితే కింది గదిలో ఉంటున్న నా ఆడపడుచు పోశమ్మ బతికున్నంత కాలం ఆ గది ఆమెదే. ఖాళీ చేయమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి, అయినా రాసి ఉండటం మంచిది.

2. నా గాజులు, గొలుసు హరిణికి. సలాబత్‌పురాలో ఆయన నాకు మొదటిసారి కొనిపెట్టిన నీలం చీర కూడా దానికే. అంచు చిరిగింది. కట్టుకోమని కాదు, దాచుకోమని ఇస్తున్నాను.

3. నా పుస్తకాలన్నీ జితేందర్‌కు. హజీరాలో అంత పెద్ద ఉద్యోగం చేస్తూ ఒక్కటి కూడా చదవడని తెలుసు. బీరువాకైనా అందంగా ఉంటాయి. వాడు ఊసరవెల్లి గూటికి బిగించిన కెమెరాను వాడికే తిరిగి ఇచ్చేస్తున్నాను. దాని సంగతి నాలుగో అంశంలో ఉంది.

4. ఊసరవెల్లి. ఇది మన చెట్ల మీద తిరిగేది కాదు, యెమెన్ వైపు జాతి, నెత్తి మీద టోపీలాంటి ఎముక ఉంటుంది. నా పాత విద్యార్థి ఒకడు పెంపుడు జంతువుల దుకాణం ఎత్తేస్తూ, "టీచర్, మీరైతే బాగా చూసుకుంటరు" అని నా చేతిలో పెట్టి పోయాడు. అటవీ శాఖలో నా పేరిట నమోదు చేయించాను. పనివాళ్లు జీతం పెంచమన్నప్పుడల్లా రంగు మార్చే మిల్లు యజమానులను తలుచుకుని దానికి సేఠ్ అని పేరు పెట్టాను. ఇంటిల్లిపాదీ సేఠ్ అనే పిలిచారు, ఒక్క పోశమ్మ తప్ప. ఆమె మొదటి రోజే గూటిలోకి తొంగి చూసి, "వదినా, నీ చెల్లె వచ్చింది" అంది.

ఎందుకన్నదో చెప్పాలి. నేను గుంటూరు నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి కూతురిని. మగ్గాల ఇంటికి కోడలిగా వచ్చాను. అత్తగారితో వాళ్ల తెలంగాణ యాస, మా అమ్మతో మా గుంటూరు యాస, హెడ్మాస్టరుతో గుజరాతీ, పక్కింటివాళ్లతో మరాఠీ మాట్లాడేదాన్ని. "గీమె మనిషికో రంగు చూపిస్తది, ఊసరవెల్లి" అని పోశమ్మ నల్లా దగ్గర, పెళ్లిళ్లలో, చివరికి ఆయన దినాల్లో కూడా అంది. నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. అది ఇక్కడ నమోదు చేస్తున్నాను.

రద్దయిన వీలునామాలో ఊసరవెల్లిని జితేందర్‌కు రాశాను. చదువుకున్నవాడు, అన్నీ పద్ధతిగా చేస్తాడని నమ్మాను. నేను ఆస్పత్రిలో ఉండగా వాడు పద్ధతిగానే కెమెరా పెట్టి, ఫ్యాక్టరీ నుంచి ఫోనులో చూస్తూ నాకు కబురు చేసేవాడు: రంగు బాగుంది, మెరిసిపోతోంది అని. నిజమే, ముదురు ఆకుపచ్చ మీద పసుపు, నీలం చుక్కలు తేలి పండగలా ఉందట. అది ఆరోగ్యం కాదని వాడికి తెలియలేదు. ఫోటో చూసి నేనూ మురిసిపోయాను.

పోశమ్మ మాత్రం రోజూ మేడెక్కి వచ్చి దాన్ని తిట్టేది. తిట్టాలంటే చూడాలి కదా. పురుగు ముందుకు వచ్చినా నాలుక చాచడం లేదని, కొమ్మ దిగి గూటి అడుగున మూలమూలా గోకుతోందని, పొట్ట బరువెక్కిందని, ఆ తర్వాత పట్టపగలు కళ్లు మూసుకుంటోందని, ఆ కళ్లు లోపలికి గుంటలు పడ్డాయని ఆమే చూసింది. నిద్రపోతోందిలే అత్తమ్మా అన్నాడు సెలవు రోజని ఇంట్లోనే ఉన్న జితేందర్. "పట్టపగలు పండుకునుడు ఏందిరా? గిది నిద్ర గాదు, రోగం. లే, ఆటో పిలువు" అని పూలబుట్టలో తడిగుడ్డ వేసి, దాన్ని అందులో పెట్టుకుని బయలుదేరింది.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూస్తే కడుపు నిండా గుడ్లు. మేం మురిసిన ఆ పండగ రంగులు కూడా వాటి గుర్తేనట. మగతోడు లేకపోయినా కోడిపెట్టలాగే ఇవీ గుడ్లు పెడతాయట. తవ్వి పెట్టుకోవడానికి మట్టి దొరక్కపోతే లోపలే బిగబట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటాయట. కాల్షియం ఇచ్చి, సెలైన్ ఎక్కించి, లోతైన బకెట్లో తడి ఇసుక పోసి అందులో వదలమంది. గుడ్డ కప్పి ఎవరూ చూడకుండా ఉంచాలి, చూస్తే పెట్టదు, రేపటికీ పెట్టకపోతే ఆపరేషనే అంది. పోశమ్మ ఆ కెమెరాకు జాకెట్ గుడ్డ చుట్టి, గది గడప మీద కూర్చుని, సొంత మేనల్లుడిని కూడా లోపలికి పోనివ్వలేదట. మర్నాటికి ఇసుక పూడ్చి ఉంది, సేఠ్ కొమ్మ మీద ఉంది, చిక్కిపోయి, తేటగా, ఆకలిగా. గుడ్లు ఎన్నో నేను అడగలేదు. పోశమ్మ లెక్కపెట్టి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతోంది. ఆ రోజు నుంచి దాని పేరు సేఠానీ.

కాబట్టి నా తదనంతరం సేఠానీని, దాని గూడు, దీపాలు, అది ఎక్కి తిరిగే మందార కుండీతో సహా, నా ఆడపడుచు పోశమ్మకు సర్వహక్కులతో రాసిస్తున్నాను. అటవీ శాఖలో పేరు మార్పించే పని జితేందర్‌ది. సేఠానీ నాకంటే ముందే పోతే మందార కుండీ అయినా పోశమ్మకు చేరాలి.

5. ఈ కింది మాటలు హరిణి ఆమెకు చదివి వినిపించాలి, ఎందుకంటే నేను ఎంత బతిమాలినా మహాతల్లి నా దగ్గర అక్షరాలు దిద్దలేదు. కళ్లు గుంటలు పడినా, రెట్టలో తెల్లగా ఉండాల్సింది నారింజ రంగుకు తిరిగినా దానికి నీళ్లు చాలడం లేదు. గిన్నెలో పోస్తే తాగదు, ఆకుల మీద చల్లాలి. కాళ్లు వంకర పోయినా, పట్టు జారి వణికినా కాల్షియం లోపం. పురుగులకు పొడి అద్దాలి, ఎండకు బదులు పెట్టే ప్రత్యేక దీపం వెలుగుతున్నా పాతబడితే మార్చాలి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ సరిపోదు. నోరు తెరిచి గసపెడుతూ, నురగ కక్కితే ఊపిరితిత్తుల జబ్బు. కన్ను వాచి మూసుకుంటే పసుపు పెట్టవద్దు, మన మాత్రలు నూరి పోయవద్దు, నేరుగా డాక్టరమ్మ దగ్గరికే. మళ్లీ గూటి అడుగున గోకడం మొదలుపెడితే ఇసుక బకెట్, గుడ్డ, గడప. ఆ మూడోది నీకు నేర్పక్కర్లేదు పోశమ్మా.

6. ఈ వీలునామా అమలు బాధ్యత మా మున్సిపల్ బడిలో లెక్కలు చెప్పిన రాంప్రసాద్ గారికి అప్పగిస్తున్నాను. ఆయన నిదానస్తుడు, కానీ పని వదిలిపెట్టడు.

7. చివరిగా ఒక మాట గురించి. ఆటోలో పక్కన కూర్చున్న జితేందర్ నాకు చెప్పాడు. దారిలో సేఠానీ చుక్కలన్నీ మాసిపోయి, మట్టి రంగుకు తిరిగి, కదలడం మానేసిందట. పోశమ్మ బుట్టను ఒళ్లో పెట్టుకుని, ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తున్నా సిగ్గుపడకుండా, ఆస్పత్రి వచ్చేదాకా ఏడుస్తూనే ఉందట: "ఒక్కపాలి రంగు మార్చవే నా తల్లీ. జర మార్చవే. మా వదిన అచ్చేసరికి నువ్వు పచ్చగుండాలె, నీ కాళ్లు మొక్కుత."

అందుచేత, నేను పోయాక పోశమ్మ నన్ను ఊసరవెల్లి అని తలుచుకుంటే నా పిల్లలు కానీ, బంధువులు కానీ అడ్డు చెప్పరాదు. ఆ మాటను కూడా ఆమెకే రాసిస్తున్నాను.

ఇది మొదటి నుంచి చివరి వరకు నేను చదువుకుని, సంతోషంగా, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

సూరత్
16 ఫిబ్రవరి 2025

(సం.) గాజంగి సంధ్యారాణి

సాక్షులు:
1. దూస నరహరి, ఎదురింటివారు, లింబాయత్
2. బూర వంశీధర్, బ్యాంకు ఉద్యోగి, పల్సానా