బాణాల పండుగ ఆగిన ఏడాది

1964 మే 10, ఆదివారం

నాయనకి కుడి కన్ను కూడా పోతోంది. వెలుగు తెలుస్తుంది, ఎదుట మనిషి నిలబడితే నీడలా తెలుస్తుంది. అంతే. పొద్దున నీళ్ళ చెంబు అందించబోతే నా చేతికి జానెడు దూరంలో గాలిని పట్టుకున్నాడు. ఎడమ కన్ను పోయిన ఏడే పోయింది. శుక్లాలు, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని ఆసుపత్రి కాంపౌండరు జ్ఞానయ్య బాబాయి ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు. పండుగ కానీయ్, గుంటూరు పోదాంలే అంటాడు నాయన.

ఈ సంగతి ముగ్గురికే తెలుసు. నాకు, మా మేనత్త మాబున్నీసాకి, జ్ఞానయ్య బాబాయికి. నాలుగో మనిషికి తెలిస్తే లైసెన్సు పోతుంది. మాచర్లలో పోలేరమ్మకి వైశాఖ పున్నమి మర్నాడు కాల్చే బాణాలు మా తాత కాలం నుంచీ మా ఇంటివే. బాణాల మౌలాలి అంటే వెల్దుర్తి దాకా తెలియని వాళ్ళు లేరు.

జ్ఞానయ్య బాబాయికి కూడా తెలియనిది ఇంకొకటి ఉంది. ఈ ఏడు మందు కూరుతున్నది నేను.

మే 14, గురువారం

ఆడవాళ్ళు మందు ముట్టకూడదని మా ఇంట్లో కట్టు. అత్త ఇప్పటికీ గొణుగుతూనే ఉంది. గాజులు తీసేసి కూర్చుంటే ముండమోపి దానిలా ఏందే ఆ అవతారం అంటుంది. గాజులతో మందు నూరితే ఏమవుతుందో ఆమెకి తెలియదా.

నాయన గడప మీద కూర్చుని చెబుతాడు, నేను చేస్తాను. చేసింది తీసుకెళ్ళి చూపిస్తే రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఇంకొంచెం నూరు అంటాడు. నిన్నటినుంచి ఇంకొంచెం అనడం లేదు.

ఎస్సెస్సెల్సీ రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ లెక్కల్లోనే. మందు లెక్క మాత్రం ఒక్కసారి వింటే మర్చిపోను. మొత్తం నలభై ఔట్లు. కొబ్బరికాయంత ఉండలు. ఇనుప గొట్టంలో పెట్టి వత్తి అంటిస్తే తాటిచెట్టుకి మూడింతలు పైకి లేచి పగులుతాయి. ముప్పై ఒకటి అయ్యాయి. ఈ పని నాకు ఇష్టం. ఎవరికీ చెప్పుకోలేనంత ఇష్టం.

మే 16, శనివారం

నాయనకి జ్వరం. అత్త ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇల్లంతా నాదే.

ఒక్కదాన్నే మూడు ఔట్లు చేశాను. ఆకుపచ్చ రంగువి. ఈ ఊళ్ళో ఆకుపచ్చ ఎప్పుడూ పేలలేదు. నాయనకి ఇప్పుడే చెప్పను. అదే గోధుమరంగు కాగితం చుట్టి, అదే జనపదారం కట్టి మిగతావాటిలో కలిపేశాను. పండుగనాడు జనం ఒక్కసారిగా అరుస్తారు. ఏందే అబిదా, ఏం కనపడింది వాళ్ళకి అని నాయన అడుగుతాడు. అప్పుడు చెబుతాను.

మే 18, సోమవారం

ఎండ. రెంటచింతలలో నిన్న ఇద్దరు వడదెబ్బకి పోయారట. మందు నూరే సాలలో తడి గోనెలు వేలాడదీసి, గంటకోసారి తడుపుతూ పని చేస్తున్నాను.

నూనెమిల్లు వెంకటప్పయ్య గారు వచ్చారు. పండుగ కమిటీకి ఆయనే పెద్ద. దగ్గు వినగానే నాయన లేచి నిలబడి, సరిగ్గా ఆయన ముఖం ఉన్న వైపే నవ్వాడు. ఈసారి సాగర్ ప్రాజెక్టు నుంచి ఇంజనీర్లు ఫ్యామిలీలతో దిగుతున్నారు, లారీల్లో కూలీలు ఎంతమంది వస్తారో లెక్కే లేదు, మన పరువు నీ చేతుల్లో ఉంది రా మౌలాలీ అన్నారు. అంటూ తమలపాకు చాపారు. నాయన చెయ్యి కదలలేదు. ఎదుట ఆకు ఉందని తెలియదు మరి.

నేను ముందుకెళ్ళి తీసుకున్నాను. మందు చేతులండీ, ఆకు ముట్టుకోడు అన్నాను. వెంకటప్పయ్య గారు నన్ను ఒక క్షణం చూసి, మంచిదే అన్నారు.

ఆయన వెళ్ళాక నాయన చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

మే 21, గురువారం

దేవుడా.

మే 22, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను.

మా సాలలో రెండు జల్లెడలు ఉంటాయి. ఒకటి గంధకానికి, రెండోది తెల్ల మందుకి. ఆ రెండు మందులూ ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే వెంటనే ఏమీ కాదు. ఎప్పుడో అవుతుంది. వేడికి కావచ్చు, రాపిడికి కావచ్చు, ఊరికే కూడా కావచ్చు. నాకు ఏడేళ్ళప్పుడు నాయన ఆ రెండు జల్లెడలు చూపించి, నా చెవి మెలిపెట్టి మరీ చెప్పాడు. నొప్పితో చెబితే గుర్తుంటుందని.

ఆకుపచ్చ రంగుకి తెల్ల మందు కావాలి. మిగతా ఔట్లలో దేనికీ అక్కర్లేదు. నిన్న సాల సర్దుతూ చూస్తే తెల్ల మందు జల్లెడకి సాలెగూడు పట్టి ఉంది. దుమ్ము పేరుకున్న పాత గూడు. అంటే శనివారం నేను ఆ జల్లెడ ముట్టలేదు. తెల్ల మందుని గంధకం జల్లెడలో పట్టాను.

మూడు ఔట్లు. నలభైలో ఏవో మూడు. అన్నిటికీ ఒకటే కాగితం, ఒకటే దారం.

గంటసేపు ఒక్కొక్కటీ చేతిలో పెట్టుకుని చూశాను. ఏవో తెలియలేదు. మధ్యలో అత్త వచ్చి, చంటిపిల్లల్ని ఆడించినట్టు ఏందే అది అంది.

మే 24, ఆదివారం

చెబితే ఏమవుతుంది? నలభై పారేయాలి. మూడు రోజుల్లో మళ్ళీ చేయలేం. ఎందుకు లేవని కమిటీ అడుగుతుంది, నాయన కళ్ళ సంగతి బయటపడుతుంది. ఈ లెక్క నాలుగు రోజులుగా వేసుకుంటున్నాను.

ఇది పూర్తి నిజం కాదు. నాకు సిగ్గుగా ఉంది. అబిదా చేతికి ఎదురులేదని మొన్న అత్తతో నాయన అంటుంటే విన్నాను. ఆ మాట పోతుందని చెప్పలేకపోతున్నాను. ఆ మాట కోసం మనిషి ప్రాణం మీదికి తెస్తానా? తెస్తున్నాను కదా.

మే 25, సోమవారం

తెల్లారుజామున నాయనని స్టేషన్ వెనక మైదానానికి తీసుకెళ్ళాను. నలభై గొట్టాలు పాతి ఉన్నాయి. గొట్టానికీ గొట్టానికీ మధ్య ఐదడుగులు. నాయన అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకి మూడుసార్లు నడిచాడు. ఒక్కసారి కూడా తడబడలేదు. పున్నమి మర్నాడు చంద్రుడు కాస్త ఆలస్యంగా లేస్తాడు. పొద్దుగుంకిన తర్వాత దొరికే ఆ ముప్పావు గంట చీకట్లోనే అన్నీ కాల్చాలి.

ప్రతి గొట్టం దగ్గరా వంగి, వత్తి ఎక్కడుంటుందో చేత్తో తడిమి చూసుకున్నాడు. ముఖం గొట్టానికి మూరెడు దూరంలో.

వత్తులు నేను అంటిస్తాను నాయనా అన్నాను. నవ్వాడు. ఊరంతా చూస్తుంటే ఆడపిల్ల కాల్చిందంటే నా కళ్ళ సంగతి ఎవరికి తెలియదే పిచ్చిదానా అన్నాడు. దారిలో పాట అందుకున్నాడు. ఆయన పాడగా విని రెండేళ్ళు దాటింది.

మే 26, మంగళవారం

చెప్పలేదు.

మే 27, బుధవారం, పొద్దున 6

ఔట్లు బండిలో వెళ్ళాయి. కింద తడి ఇసుక, పైన తడి గోనెలు. నాయన ముందు నడిచాడు. వెల్దుర్తి బండ్లు రాత్రే దిగాయి. స్టేషన్ రోడ్డంతా బంధువులే, పిల్లలే. సాయంత్రం నాలుగింటికి గొట్టాల్లో పెడతారు. అంతకుముందే చెబుతాను. చెప్పి తీరతాను.

మే 27, మధ్యాహ్నం 4

మూడింటికి బయల్దేరాను. నాయన చెవిలో చెప్పాల్సిన మాటలు పెదాల మీద పెట్టుకుని నడిచాను. నేను వెళ్ళేసరికే గొట్టాల్లో పెట్టేశారు. మబ్బు పట్టేలా ఉందని తొందరపడ్డారట. నాయన మొదటి గొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు.

అంతలో జ్ఞానయ్య బాబాయి సైకిల్ మీద వచ్చాడు. సైకిల్ స్టాండ్ కూడా వేయకుండా కింద పడేశాడు. పంచాయతీ రేడియోలో చెబుతున్నారు, నెహ్రూ గారు పోయారు అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరూ ఒకేసారి నమ్మారు. వెంకటప్పయ్య గారు ఇసుకలో కూలబడి పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. బజ్జీలు వేసే ఆమె బాండీ కింద నీళ్ళు కొట్టి ఏడ్చింది. ప్రాజెక్టు లారీలు అప్పుడే వస్తున్నాయి. దిగినవాళ్ళు దిగినట్టే మళ్ళీ ఎక్కారు. పండుగ లేదు అని వెంకటప్పయ్య గారు అన్నారు.

నేను కూడా ఏడ్చాను. అందరూ చూశారు. ఎందుకు ఏడ్చానో ఇక్కడ రాస్తున్నాను. అమ్మయ్య అనుకున్నాను. దేశమంతా తండ్రి పోయినట్టు ఏడుస్తుంటే, నా తండ్రి బతికాడని నాకు ఆనందం వచ్చింది. ఆపుకోలేనంత.

మే 27, రాత్రి 9

ఆనందం గంటసేపు కూడా నిలవలేదు.

పెట్టినవాటిని తీయాలి. జనం వెళ్ళిపోయారు. నాయన, నేను. గొట్టాలు ఎండకి కాలుతున్నాయి. లోపలికి చెయ్యి పెట్టి, గొట్టం గోడకి రాసుకోకుండా, నిటారుగా పైకి తీయాలి. నేను తీస్తానన్నాను. నీ చేతికి అలవాటు లేదు, కూడదన్నాడు. నలభై సార్లు ఆయన చెయ్యి లోపలికి వెళ్ళింది. నలభై సార్లు చూశాను. అప్పుడు కూడా చెప్పలేదు. చెబితే ఆ చెయ్యి మధ్యలో వణుకుతుందేమోనని భయం.

చివరిది తీస్తుంటే చంద్రుడు లేచాడు.

మే 28, గురువారం

కమిటీ నిర్ణయం: సంతాప దినాలు అయ్యాక, జూన్ తొమ్మిదిన కాలుస్తారు. అందాకా ఔట్లు నూనెమిల్లు గోడౌన్లో పెట్టమన్నారు వెంకటప్పయ్య గారు. అక్కడ రాత్రిళ్ళు మిల్లు కూలీలు పిల్లాజెల్లాతో పడుకుంటారు. వద్దండీ, నా సాలలోనే ఉంటాయి అన్నాడు నాయన.

మా సాలకీ అత్త పడుకునే గదికీ మధ్య ఒక్క గోడ. ఇంకా పన్నెండు రోజులు. ఇదే ఎండ.

మే 29, శుక్రవారం

చెప్పేశాను.

అన్నం తింటున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా చెప్పాను. జల్లెడ సంగతి, ఆకుపచ్చ సంగతి, మైదానంలో అమ్మయ్య అనుకున్న సంగతి కూడా. ముద్ద కంచంలో పెట్టేశాడు. తిట్టలేదు. నూరింది రాతి కల్వంలోనా, చెక్క కల్వంలోనా అని అడిగాడు. చెక్కది అన్నాను. ఎన్ని విడతలు నూరావు అని అడిగాడు. చెప్పాను. తర్వాత, మీ అత్తని జ్ఞానయ్య ఇంట్లో దింపి రాపో అన్నాడు. వచ్చేసరికి సాల ముందు నాపరాళ్ళ తొట్టి నిండా నీళ్ళు తోడి ఉన్నాయి. చూపులేని మనిషి బావిలోంచి అన్ని చేదలు ఎలా తోడాడో.

నువ్వు దూరంగా నిలబడు, లెక్కపెట్టు అన్నాడు. దూరంగా నిలబడలేదు. నేను సాలలోంచి అందించాను, ఆయన నీళ్ళలోకి దించాడు. పసిబిడ్డకి స్నానం పోసినట్టు. బుడగలు వచ్చి ఆగిపోయాయి. ఏ మూడో తెలియనే లేదు. నీళ్ళలో అన్నీ ఒకటే.

అయిపోయాక ఇద్దరం తొట్టి పక్కన కూర్చున్నాం. అందరికీ ఏం చెబుదాం అన్నాను. నా కళ్ళు పోయినాయి, చూపు ఆనక మందు తప్పు కలిపాను అని చెబుతా అన్నాడు. అబద్ధం కదా అన్నాను. నీ పేరు చెబితే ఈ జన్మలో నీ చేతికి ఎవడూ మందు ఇయ్యడు, ముసలోణ్ణి, నాకు పోయేదేముంది అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. ఈసారి ఎందుకో వివరించక్కర్లేదు.

మే 30, శనివారం

మిల్లు ముందు, పదిమంది మధ్య చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

వెంకటప్పయ్య గారు ముందు నమ్మలేదు. నాయన ముఖం ముందు చెయ్యి ఊపి చూశారు. రెప్ప కదలలేదు. అప్పుడు ఆయన అన్న మాటలు రాస్తున్నాను. గుడ్డోడివై ఉండి నా ఊరి మధ్యన నలభై ఔట్లు పెట్టావేందిరా, నా మనవలు ముందు వరసలో కూర్చుంటారు కదరా. నాయన తలవంచుకుని, తప్పు నాదే అన్నాడు. ఎవరో ఉమ్మేశారు. మీద పడలేదు, పక్కన పడింది. జూన్ తొమ్మిది లేదు, ఇక ఏ ఏడూ బాణాల్లేవు, పోలేరమ్మకి సీరియల్ బల్బులు కట్టిస్తా అన్నారు వెంకటప్పయ్య గారు. ఆ పండుగంటే ఆయనకి ప్రాణం.

నేను మాట్లాడలేదు.

జూన్ 1, సోమవారం

నాయనకి చెప్పకుండా మిల్లుకి వెళ్ళాను. ఆ మందు కలిపింది నేనండీ, నాయన కాదు అన్నాను. జల్లెడ సంగతంతా చెప్పాను. వెంకటప్పయ్య గారు పూర్తిగా విన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. నాయన మీద పడ్డ మాట నీ నెత్తిన వేసుకుంటుండావా అమ్మాయ్, కంటే నీలాంటి కూతుర్ని కనాలి అన్నారు. నిజమండీ అన్నాను. ఆడపిల్లవి, నీకు మందెట్టా వచ్చుద్ది, ఇంక చెప్పమాక తల్లీ అన్నారు. గుమాస్తాని పిలిచి మజ్జిగ ఇప్పించారు.

తాగాను. ఏం చేయాలో తెలియక తాగాను.

జూన్ 9, మంగళవారం

పొద్దుగుంకాక ఊళ్ళో వాళ్ళు కొందరు అలవాటుగా మైదానం వైపు వెళ్ళి, కాసేపు నిలబడి వచ్చారట. అత్త చెప్పింది.

ఆగస్టు 12, బుధవారం. గుంటూరు.

ఆపరేషన్ చేసిన కంటి కట్టు విప్పారు. దళసరి కళ్ళద్దాలు పెట్టారు. నాయన డాక్టరు వైపు చూడలేదు, కిటికీ వైపు చూడలేదు. నా రెండు చేతులూ దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క వేలూ పట్టుకుని లెక్కపెట్టాడు. పది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.