మంచు మీద ఇసుర్రాయి

3-1-89, మంగళవారం. ఎల్లారెడ్డి

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. తప్పులూ ఉంటాయి. నాలుగో తరగతితో ఆగిన చదువు. ఎవరైనా చదివితే ఏమనుకోవద్దు.

మా బిడ్డ మున్నీ పెనిమిటి జిలానీ దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ ఒక హోటల్లో మంచు మైదానం ఊడ్చే డ్యూటీ. ఆ మంచు మీద తెల్లవాళ్లు కర్లింగ్ అనే ఆట ఆడతారట. పిడి ఉన్న గుండ్రటి రాయిని, దూరంగా గీసిన సున్న దాకా జారవిడుస్తారు. ఇద్దరు దాని ముందు చీపుళ్లతో ఊడుస్తూ పోతే రాయి ఇంకా దూరం పోతుందట.

మా ఊరి చాయ్ హోటల్లో జిలానీ ఇది చెప్తే, రోజూ అక్కడే కూర్చునే ముత్తయ్య అందరి ముందు నవ్వాడు. ఎడారిల మంచేంది, ఊడిస్తే రాయి ఉరుకుడేంది, వజీర్ భాయ్, నీ అల్లుడు గప్పాలు మస్తు కొడ్తడే అన్నాడు.

నేను చాయ్ సగంలో వదిలి, జిలానీని తీసుకొని ఇంటికి వచ్చేశాను.

5-1-89

జిలానీ చాయ్ హోటల్‌కు రావడం మానేశాడు.

6-1-89, శుక్రవారం

నమాజు అయ్యాక హోటల్‌కు పోయి నిలబడ్డాను. ముత్తయ్యా, ఆదివారం కామారెడ్డి ఐస్ ఫ్యాక్టరీకి రా, ఆడి చూపిస్త అన్నాను.

నిజమైతే జిలానీని ఉస్తాద్ అని పిలుస్త, కాకుంటే గప్పాల జిలానీ అనే పేరు పక్కా అన్నాడు ముత్తయ్య.

మా ఊళ్లో పడిన పేరు పోదు. మున్నీ పిల్లలకు కూడా అంటుకుంటుంది.

7-1-89

ఆటకు మా ఇసుర్రాయి అడిగితే నా భార్య చాంద్ బీ ఇవ్వనంది. పలిగితే జొన్నలు నీ నెత్తి మీద ఇసురాల్నా అంది. చివరికి పిడి ఉన్న పై రాయి ఇచ్చింది. రాయితో పాటు తానూ బస్సెక్కుతుందట.

8-1-89. కామారెడ్డి

ఐస్ ఫ్యాక్టరీ మేస్త్రీ సిద్దిరాములు నా పాత దోస్తు. ఐస్ దిమ్మెలు వరుసగా పరిచి, సందుల్లో ఐస్ పొడి కూరి, గోనెసంచితో రుద్దించాడు. చివర జిలానీ బట్టల నీలంతో సున్న గీశాడు.

మొదటిసారి నేనే జారి వెల్లకిలా పడ్డాను. రాయి పక్కన ఐస్ మీద కప్పే ఊక కుప్పలోకి పోయింది. ముత్తయ్య పొట్ట పట్టుకొని నవ్వాడు. రెండోసారి సగంలో ఆగింది. బండిని తోసినట్టు తోస్తవేంది, ఇసిరినట్టు జర తిప్పి ఇడువు అని చాంద్ బీ కసిరింది.

తిప్పి విడిచాను. మోకాళ్ల మీదే ఉండిపోయాను. రాయి మెల్లగా తిరుగుతూ పోయింది. జిలానీ వంగి ఊడుస్తున్నాడు. సున్నకు కొంచెం ఇవతల నీరసపడింది. మామా, ఊడ్వనీకి ఇంకొకలు కావాలె అని అరిచాడు. నాకు లేవడం చేత కాలేదు.

ముత్తయ్య ఉరికాడు! గోడకున్న చీపురు లాక్కొని, పో తల్లీ, పో, పో అని రాయిని బతిమాలుతూ ఊడ్చాడు.

రాయి నీలం గీత దాటి సున్న మధ్యలో ఆగింది.

అరె, నిజంగనే ఉరికిందే అన్నాడు ముత్తయ్య, రొప్పుతూ.

9-1-89

హోటల్లో ముత్తయ్య లేచి, ఉస్తాద్, ఇట్ల కూసో అని తన కుర్చీ ఇచ్చాడు. జిలానీ తల వంచుకొని నవ్వాడు. మా ఉస్తాద్‌కు ఒక చాయ్ అని నేనే అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

12-1-89

జట్టుకు నలుగురట. నేను, జిలానీ, చాంద్ బీ, ముత్తయ్య. మేం తయారు. ఎదుటి జట్టే లేదు. మంచు ఉన్న ఊరివాళ్లు ఎవరైనా ఇది చూస్తే, జిలానీ సెలవు అయ్యేలోపు జవాబు రాయండి.