చింతకాయ తొక్కు

మాదాపూర్, 12-7-98

చెల్లె భవానికి, నేను బాగానే ఉన్నాను, అమ్మ పంపిన చింతకాయ తొక్కు చేరింది.

బావకు పని చూడమని రాశావు. నేను పనిచేసే చోట గేటు కాపలాకు మనుషుల్ని పెట్టే సూపర్‌వైజర్ రామబ్రహ్మం గారిది గుడివాడ. నిన్న అన్నం వేళకు ఆయన్ని అడగబోయాను. నా చేతిలో సీసా చూసి ఏంటది అన్నాడు.

"తొక్కు సార్" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "మర్యాదగా అడిగితే తొక్క అంటావేంటయ్యా?"

వాళ్ల వైపు ఎదుటివాణ్ని తీసిపారేయడానికి ఆ మాట అంటారట.

"గట్ల కాదు సార్, తినే తొక్కు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. "పచ్చడి అని ఏడవచ్చుగా. సిటీకొచ్చాకైనా తెలుగు నేర్చుకోండయ్యా" అన్నాడాయన.

దుబాయ్‌లో విమానం దిగినప్పుడు అరబ్బు పోలీసుకు కూడా ఇలాంటి సీసానే చూపించి తొక్కు అన్నాను. మన భాష రాని ఆ మనిషి మూత తీసి వాసన చూసి, "అచార్" అని పంపించాడు. కాయితాలు లేవని రెండేళ్ల కింద నన్ను వెళ్లగొట్టిన దేశం అది. అయినా అక్కడ ఎవరూ నా మాటకు వంక పెట్టలేదు.

బావ పని చెడుతుందని "పచ్చడి సార్, తప్పయింది" అన్నాను. ఇరవయ్యో తారీఖు సోమవారం బావను తీసుకురమ్మన్నాడు.

బర్రె ఈనిందా? రేషన్ కార్డులో నా పేరు ఉంచారో కొట్టేశారో కనుక్కో. బావతో నా గొంగడి పంపు. అమ్మకు దండాలు, పిల్లలకు దీవెనలు.

బావ బస్సెక్కే లోపు పచ్చడి అనడం అలవాటు చేయించు. అమ్మ వినేటట్టు మాత్రం వద్దు.

మీ అన్న ఓదెలు