టైమర్ పెట్టిన కాఫీ

మంగళవారం రాత్రి. వాన తగ్గలేదు.

ఇల్లందు నుంచి వస్తూ మా ఆయన కాఫీ మిషన్ తెచ్చారు. రాత్రే పొడి వేసి, నీళ్లు పోసి టైమర్ పెడితే తెల్లారకముందే తనంతట తానే డికాక్షన్ దించి వేడిగా ఉంచుతుందట. గనిలో మొదటి షిఫ్టుకు వెళ్లే తన కోసం నేను రోజూ చీకట్లో లేస్తున్నానని ఆయన బాధ.

"రేపటి సంది నువ్వు లేవకు. మంచిగ పండుకో," అన్నారు.

అత్తయ్య దాని దగ్గరికే రాలేదు. "గనిల దిగెటోడు గడప దాటేటప్పుడు పోయొస్త అంటడు. ఇంట్ల మనిషి పోయిరా అనాలె. గా డబ్బా అంటదా?"

"ఏందమ్మా, గవన్నీ పాత ముచ్చట్లు," అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

"జరమొచ్చి నేను ఒక్కనాడే లేవలే," అని అత్తయ్య ఆగిపోయింది. అది ఏ రోజో ఈ ఇంట్లో ఎవరూ అడగరు. దండ వేసిన మామయ్య ఫొటో ఆమె వెనకే ఉంది.

వారం నుంచి గని పైకప్పు పెళ్లలు రాలుతున్నాయని నిన్న ఆయనే చెప్పారు. చెప్పి, మాట మార్చారు.

అలారం ఉందో లేదో చూద్దామని ఇందాక ఫోన్ తీశాను. రోజూ మోగే అలారం లేదు. నా నిద్ర చెడకూడదని ఆయనే తీసేసి ఉంటారు. మళ్లీ పెట్టి, మంచినీళ్ల కోసం గదిలోంచి బయటికి వచ్చాను. వంటింట్లో మిషన్ పచ్చ లైటు వెలుగుతోంది. అత్తయ్య గడప పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"పండుకో బిడ్డా," అంది. "ఈసారి నేను మేలుకొనే ఉంట."